వెనక సీటు మాటలు

మా ఆయన వీరభద్రప్ప ఇంట్లో మాట్లాడడు. కోపమూ కాదు, అలకా కాదు, ఆ మనిషి తీరే అంత. కంచం ముందు పెడితే తింటాడు, నీళ్ళిస్తే తాగుతాడు, కూర ఎట్లా ఉందయ్యా అంటే "బాగుండాది" అంటాడు. నేను ఉప్పు వేయడం మరిచిపోయిన రోజు కూడా బాగుండాదనే అన్నాడు. పెళ్ళైన కొత్తలో మా అమ్మ వచ్చి నాలుగు రోజులుండి, "బెల్లం కొట్టిన రాయికి ఇచ్చి చేసినాము గదే నిన్ను" అని కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం ఏడవలేదు. ఎందుకంటే అప్పటికే నాకొక సంగతి తెలిసిపోయింది. బండెక్కితే ఈయన మాట్లాడతాడు.

అప్పటిది పాత బండి. డుగుడుగుమంటూ వీధి మొదట్లో ఉండగానే ఇంట్లోకి వినపడేది. మా ఊరు సిరుగుప్పలో ఇళ్ళు దాటి కాలవ గట్టు రోడ్డెక్కి, అటూ ఇటూ వరిమళ్ళు మొదలైతే చాలు, ముందు సీట్లోంచి మాటలు మొదలయ్యేవి. ఎవరి మడి పచ్చగా ఉంది, ఎవరి మడికి తెగులు తగిలింది, చిన్నప్పుడు వాళ్ళ నాయన కొట్టబోతే ఏ గడ్డివామిలో దాక్కున్నాడు, అన్నీ చెప్పేవాడు. మా అమ్మాయి నేత్రావతిని బళ్ళారి కాలేజీకి పంపుదామన్నది ఆ బండి మీదే. నా కాన్పు కష్టమైన రోజు ఆసుపత్రి గోడ పక్కన నిలబడి ఏడ్చానని చెప్పింది కూడా ఆ బండి మీదే. ఒకసారి తల తిప్పకుండానే, "ఆ పచ్చ చీర నీకు బాగుంటాదే" అన్నాడు. ఎదురుగా నా మొహం కనపడితే మాత్రం ఆయనకు మాట పెగలదు. నా మొహం అంత భయంకరంగా ఉంటుందేమో, అద్దానికే తెలియాలి. నేను వెనక పక్కకు తిరిగి కూచుని, కుడి చెయ్యి ఆయన భుజం మీద వేసి, వింటూ ఉండేదాన్ని. నా అంతటి నోరున్న మనిషి ఊఁ కొడుతూ కూచునేది ఒక్క ఆ సీటు మీదే.

రెండేళ్ళ కింద ఆ సుఖం కాస్తా పోయింది. తెక్కలకోటలో పెళ్ళికి పోయి వస్తున్నాం. కాలవ తూము దగ్గర మలుపులో బర్రె అడ్డమొచ్చింది. ఆయన బ్రేకు తొక్కాడు. రోడ్డు మీదంతా ట్రాక్టర్లు తెచ్చిపోసిన మడి బురద. చక్రం పట్టేసింది, బండి జర్రున జారింది. ఆయనకు మోచెయ్యి గీరుకుపోయింది. నేను ఎడమవైపు కూచున్నదాన్ని ఎడమవైపే పడ్డాను. తుంటి ఎముక విరిగింది. లోపల కడ్డీ వేశారు, మంచంలో పడుకోబెట్టారు, మళ్ళీ చంటిపిల్లలా నడక నేర్పారు. ఇప్పుడు బాగానే నడుస్తాను. వాన మబ్బు పట్టినప్పుడు కాస్త లాగుతుంది, అంతే.

బాగుపడనిది మా ఆయన. ఆ పాత బండికి పట్ట కప్పేశాడు. కొన్నాళ్ళకు ఎవరికో ఇచ్చేశాడు కూడా. ఎక్కడికి పోవాలన్నా బస్సే. మా కర్నాటకలో ఆడవాళ్ళకు బస్సు టికెట్టు లేదు గదా, అది పట్టుకున్నాడు. "టికెట్టే లేనప్పుడు గాడి యాలా?" అంటాడు. మా దిక్కు బండిని గాడి అనే అంటాం. బస్సులో నేను ముందు ఆడవాళ్ళ సీట్లలో, ఆయన వెనక ఎక్కడో. దిగినాక ఇంటిదాకా నడక. ఇంట్లో మళ్ళీ బెల్లం కొట్టిన రాయి. రెండేళ్ళుగా మా ఇంట్లో నోరు తెరిచేది నేనూ, కుక్కరూ.

నిజం చెప్తాను, నాకు కావలసింది బండి కాదు. ఆ మాటలు. అవి వెనక సీట్లో తప్ప ఇంకెక్కడా దొరకవు. ఆ ముక్క ఆయనతో చెప్పాలంటే ఈ వయసులో నాకు సిగ్గు.

చెప్పకుండానే నా కూతురికి అర్థమైందేమో. నేత్రావతి బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు ఉతికే యూనిట్‌లో సూపర్‌వైజరు. ఒక ఆదివారం ఇంటి ముందుకు కొత్త బండి నడుపుకుంటూ వచ్చింది. నేను చూసి, పాత బండే తిరిగి కొనుక్కొచ్చిందనుకున్నాను. అదే గుండ్రటి హెడ్‌లైటు, అదే బొజ్జ ట్యాంకు, అదే మెరిసే సైలెన్సరు, అదే వాలుగా పొడుగ్గా ఉండే సీటు. దగ్గరికి పోతే గదా తెలిసింది. కిక్కు కొట్టే పని లేదు, బటన్ నొక్కితే చాలు. మీటరు పక్కన గాజుబిళ్ళంత చిన్న స్క్రీను, దాంట్లో దారి చూపించే బాణాలు. ఫోను చార్జింగు పెట్టుకునే బొక్క. బండి ఎక్కడ తిరుగుతోందో బళ్ళారిలో కూచుని నేత్రావతి ఫోన్లో చూసుకోవచ్చట. తాత వేషం కట్టిన కుర్రాడిలా ఉంది ఆ బండి.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం, దండ వేశాం. నేను ట్యాంకుకు, లైటుకు విభూతి పట్టెలు పెట్టి, ఆ చిన్న స్క్రీనుకూ మూడు వేళ్ళతో అడ్డంగా పెట్టేశాను. నేత్రావతి గగ్గోలు పెట్టింది.

"అమ్మా, అది స్క్రీను!"

"స్క్రీనైతే? దేవుడు వద్దన్నాడా?"

ఆ మరక ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మా ఆయన బండి చుట్టూ తిరిగాడు. నిమరలేదు, నవ్వలేదు. నేత్రావతి బ్రేకు చూపించి, "దీనికి ఏబీఎస్ ఉండాదప్పా. ఎంత గట్టిగా తొక్కినా చక్రం పట్టేయదు. పట్టుకుంటాది, వదుల్తాది, పట్టుకుంటాది, వదుల్తాది. జారదు" అంది.

"తడిలో?" అన్నాడు ఆయన.

"తడిలోనే గదప్పా దాని పని."

"ఎనక బరువుంటే?"

"ఉంటే ఏమైతాది? జారదంటే జారదు."

ఆయన వంగి ఆ వెనక చక్రాన్ని చూశాడు. నేనేమో అప్పటికే లోపలికి పోయి చీర మార్చుకుని, పూలు పెట్టుకుని వచ్చి నిలబడ్డాను, గుడిదాకా తీసుకుపోతాడని. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "కొత్త గాడి. మొదటి సర్వీసు అయ్యేదాకా డబల్ బేడ, ఇద్దరు వద్దు" అని ఒక్కడే ఎక్కి పోయాడు. కొత్త ఇంజనుకు బరువు పడగూడదట. సరే, నేనేమన్నా ఇంజన్లు చదువుకున్నానా! పూలు తీసి బసవన్న పటానికి పెట్టాను.

మొదటి సర్వీసు అయింది. "అయిపాయె గదా?" అన్నాను. చైను లూజుగా ఉందన్నాడు. చైను బిగించారు. గాలి తక్కువుందన్నాడు. గాలి పట్టించుకుని వచ్చి, ఎండ జాస్తిగా ఉండాదన్నాడు. అన్నిటికీ నీళ్ళు నమలడమే. ఆయనకు నన్ను ఎక్కించుకోవడం ఇష్టం లేదని తేలిపోయింది. కుంటిదాన్ని వెనకేసుకుని తిరగడానికి నామోషీ అయిందేమో అనుకున్నాను. అనుకున్న పూట అన్నం సయించలేదు.

అట్లా ఉండగా ఒకరోజు, నేను చేటలో బియ్యం చెరుగుతుంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమ్మే, నీ తూకమెంత?"

రెండేళ్ళకు నోరు తెరిచి ఈ మహానుభావుడు అడిగిన ప్రశ్న ఇది! ఒళ్ళు మండిపోయింది.

"ఏం, సంతలో అమ్ముతావా?"

"ఊరికే అడిగితి. డాక్టరు తావ తూసినారు గదా."

"అరవై రెండు. చాలునా, ఇంకా కావల్నా?"

"సరి సరి" అని తల ఊపి, ఏదో పని చక్కబడిన మనిషిలా పోయాడు. ఆ తరవాత నుంచి తెల్లారితే చాలు, బండి తీసుకుని ఎక్కడికో పోవడం, నేను పాలు పొంగించే వేళకు తిరిగి రావడం. అడిగితే, "ఇట్లే, మళ్ళ దిక్కు" అనేవాడు. ఆ రోజుల్లోనే నా పచ్చ చీర కనపడకుండా పోయింది. పెట్టె అంతా తిరగేశాను, దొరకలేదు.

మా పక్కింటి ఉచ్చెంగమ్మ ఉంది. చెడ్డది కాదు, కాకపోతే దాని కడుపులో మాట ఆగదు. ఒక సాయంత్రం మజ్జిగ కోసమని వచ్చి, గిన్నె కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు..."

"అట్ల మొదలుపెట్టినోళ్ళు తప్పే చెప్తారు. చెప్పు."

"పొద్దున కలుపుకు పోతా చూసినా. అన్న కాలవ గట్టున గాడి మీద పోతాండాడు. ఎనక ఎవురో ఆడమనిషి. పక్కకు తిరిగి కూచోనుండాది. తలకు హెల్మెట్, మొగం కనపడలే."

"చీర?"

"పచ్చ చీర అక్కా."

అరికాలి మంట నెత్తికెక్కింది. నా బిడ్డ కొనిచ్చిన బండి మీద, నా చీర కట్టుకుని! ముసలోడికి దసరా పండగ! కానీ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది, అదే నన్ను కోసింది. ఎవరినో ఎక్కించుకుంటే ఎక్కించుకున్నాడు. బండి మీద ఎక్కిస్తే...

"ఉచ్చెంగా," అన్నాను, "మాట్లాడతాండాడా ఆమెతో?"

అది జాలిగా నా వైపు చూసింది. "తల తిప్పి తిప్పి మాట్లాడతాండాడక్కా. నవ్వుతాండాడు గూడ."

మజ్జిగ పోస్తే సగం కింద పోయింది. ఆ రాత్రి ఆయనకు అన్నం పెట్టాను, ఒక్క మాట అనలేదు. కూర ఎట్లా ఉందని కూడా అడగలేదు. ఆయనే ఒకసారి తలెత్తి నన్ను చూసి, మళ్ళీ దించుకుని, "బాగుండాది" అన్నాడు.

తెల్లారి ఆయన పోయిన కాసేపటికి నేత్రావతి ఫోన్ చేసింది. గొంతులో కంగారు.

"అమ్మా, అప్పకు బాగుండాదా? రోజూ చూస్తాండా, గాడి తూము మలుపు దాకా పోతాది, నిలబడతాది, ఎనక్కి వస్తాది, మళ్ళా పోతాది. దాన్ని దాటి పోనే పోదు. మీరు పడిన తావు గదమ్మా అది. ఆడ ఏం చేస్తాండాడు?"

ఏం చేస్తున్నాడో చూసి చెప్తానని ఫోన్ పెట్టేశాను. వీధిలోకి వచ్చి ఆటో పిలిచాను. ఉచ్చెంగమ్మ పిలవకుండానే ఎక్కి కూచుంది. పోట్లాట చూడాలని దాని మొహంలో ఎంత సంబరమో! దారంతా నేను అనాల్సిన మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఇన్నేళ్ళ సంసారంలో దాచిపెట్టినవన్నీ ఒక్కసారిగా వదలాలని నిశ్చయించుకున్నాను.

తూముకు ఇవతలే, మోటారు గది పక్కన ఆటో ఆపించి దిగాం. కాలవలో నీళ్ళు నిండుగా పోతున్నాయి. మా వెనక మడి దారిలో తిప్పుకుని, బండి మళ్ళీ తూము వైపు వస్తోంది. పాతదానిలా ఊరు లేపదు ఇది, చప్పుడు మెత్తగా ఉంటుంది, కాబట్టి మాటలే ముందు వినపడ్డాయి.

"నిదానంగానే పోతాండా. భయపడొద్దు. ఇదో, తూము వచ్చె. ఇప్పుడు బ్రేకు తొక్కుతా, నా భుజం గట్టిగా పట్టుకో."

వెనక పచ్చ చీరే. హెల్మెట్టే. పక్కకు తిరిగి, ఆయన వీపుకు ఆనుకుని కూచున్న మనిషే. సరిగ్గా మలుపు ముందర ఆయన బ్రేకు తొక్కాడు. బండి ఇటూ అటూ పోకుండా నిట్టనిలువునా ఆగింది. వెనక మనిషి ధబ్బున ఆయన వీపు మీద పడింది.

"చూస్తివా? జారలే" అన్నాడు ఆయన, నవ్వుతూ. చెయ్యి వెనక్కి పెట్టి ఆమెను సరిగా కూచోబెట్టాడు.

ఆమెకు చేతులు లేవు. మొహమూ లేదు.

"అయ్యో శివనే," అంది ఉచ్చెంగమ్మ, "బియ్యం మూట!"

ఆయన తల తిప్పి మమ్మల్ని చూశాడు. దొంగకు తేలు కుట్టినట్టు అట్లాగే ఉండిపోయాడు. నేను దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. మెల్లగా నడిచి పోయి ఆ మూటను చూశాను. పాతిక కిలోల బియ్యం సంచులు రెండు, వాటి మీద చిన్న జొన్నల సంచి, దాని నెత్తిన హెల్మెట్. అన్నిటికీ తాడు బిగించి, పైన నా పచ్చ చీర చుట్టి ఉంది. కుచ్చిళ్ళు కూడా పోశాడు ఖర్మ, వంకర టింకరగా.

"ఈ జొన్నలు దేనికి?" అన్నాను.

"రెండు మూటలు యాభయ్యే గదా." ఆయన ట్యాంకు వైపే చూస్తున్నాడు. "నువ్వు అరవై రెండు."

"నడిమధ్య కట్టకుండా ఎడమకు వాల్చినావే?"

"నువ్వు పక్కకు కూచుంటావు గదా. బరువంతా ఎడమకే ఈడుస్తాది. ఆ పొద్దు ఆ సంగతి నేను..." అని ఆపేశాడు.

"చీర?"

"కొంగు చక్రంలో పడుతాదేమో అని. పడదు. గార్డు బాగుండాది."

"ఎన్నాళ్ళాయె ఇట్ల?"

"సర్వీసు అయినప్పటి నుంచి. పొడిలో తొక్కి చూస్తి, జారలే. మొన్న వాన పడిన పొద్దు తొక్కి చూస్తి, జారలే."

"మరి ఇంకేంది?"

"ఇంకొక్క వాన చూద్దామని" అన్నాడు.

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. మంచంలో ఉన్నన్నాళ్ళూ రాని ఏడుపు, నడక నేర్చుకుంటూ పడిన రోజు రాని ఏడుపు, నడిరోడ్డు మీద ఒక బియ్యం మూట ముందు వచ్చింది. నామోషీ అనుకున్నానే ఈ మనిషికి! కొంగుతో మొహం గట్టిగా తుడుచుకున్నాను.

"దిగమను ఆమెను."

"ఆఁ?"

"ఆ మహాతల్లిని దిగమంటాండా. నా సీటు అది."

"శరణీ, ఇంకొక్క వాన..."

"వానొస్తే ఇద్దరమూ తడుస్తాము. దించు."

ఆయన తాడు విప్పబోయాడు. ముడి రాలేదు. నేను ఇటు పక్క, ఆయన అటు పక్క చేరి విప్పాం. ఆటో అతను వచ్చి సంచులు మోసుకుపోయాడు. "ఉచ్చెంగా, నా సవతిని జాగ్రత్తగా ఇంటికి తీసుకుపో. దారిలో పోట్లాడొద్దు" అన్నాను. అది నవ్వలేక, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆటో ఎక్కింది. ఆయన మూట మీది హెల్మెట్ తీసి నా తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించాడు. జొన్నల వాసన వేస్తోంది. మా పెళ్ళిలో తాళి కట్టినప్పుడు కూడా ఇంత జాగ్రత్తగా ముడి వేయలేదు ఆ మనిషి.

ఎక్కాను. తుంటి కొంచెం కలుక్కుమంది, చెప్పలేదు. కాలికి మెట్టు దొరికింది. కుడి చెయ్యి ఆయన భుజం మీద వేశాను. చొక్కా అంతా చెమట.

బండి కదిలింది. మలుపు వచ్చింది. ఆయన భుజం రాయిలా బిగుసుకుంది. మలుపు పోయింది. తూము పోయింది. అటూ ఇటూ వరిమళ్ళు మొదలయ్యాయి. నేను ఎదురు చూస్తున్నాను. ఒక్క మాట లేదు. కొంగలు లేచాయి, కాలవ మీద పంపులు పోయాయి, అయినా మాట లేదు.

"ఏమయ్యా," అన్నాను, "మూటతో అంత మాట్లాడితివే, నాతో మాట్లాడవా?"

"మూట ఎదురు మాట్లాడదు" అన్నాడు.

వీపు మీద ఒకటి చరిచాను. భుజం కాస్త వదులైంది. నవ్వుతున్నాడని వెనక నుంచే తెలిసింది. ఇంకొంచెం దూరం పోయాక, తల తిప్పకుండా, గాలిలోకి అన్నాడు.

"ఆ పొద్దు నువ్వు పడిన చప్పుడు నా చెవుల్లోంచి పోలేదే శరణీ. బండెక్కితే అదే. ఇంట్లో నువ్వు మంచం దిగితే అదే. మూట కట్టి తొక్కినప్పుడంతా, ఇప్పుడు పడుతాది, ఇప్పుడు పడుతాది అని వింటాంటి."

ఇక నేనూ సిగ్గు వదిలేశాను. ఆయన నా మొహం చూడటం లేదు గదా, నాకూ మాట పెగిలింది.

"ఎముక ఇరిగితే అతుక్కునె. దానికి నాకు బాధ లేదు. నువ్వు మాట్లాడేది నిలిపేస్తివే, దానికి ఏడ్చినా. రెండేండ్లు. ఒక మాట కోసం చూస్తి నేను."

ఆయన బండి నిదానం చేశాడు.

"నాకు తెల్దే" అన్నాడు. "ఇంట్లో నీ ఎదురుగా వస్తే, ఏమనాలో తెల్దు నాకు. ఆ పచ్చ చీర మూటకు కడితే..." ఒక గుంత తప్పించి మళ్ళీ అందుకున్నాడు. "మూటకు బాగలేదు. నీకే బాగుంటాది."

నేను భుజం మీది చెయ్యి తీసి నడుం చుట్టూ వేశాను. పక్క మళ్ళో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు లేచి చూశారు. చూడనీ.

ఇంతలో నా ఫోన్ మోగింది. నేత్రావతి. తీయగానే అరిచింది.

"అమ్మా! అప్ప తూము దాటినాడు! ఎప్పుడూ దాటడు గదా, ఇప్పుడు తెక్కలకోట దిక్కు పోతానే ఉండాడు. యాడికి పోతాండాడు? నువ్వు చూస్తివా?"

"యాడికి పోతాండాము?" అని ముందుకు వంగి అడిగాను.

"ఎవురికి తెల్సు? పెట్రోలుండాది" అన్నాడు ఆయన. అని, కుడి పక్క మడి వైపు చెయ్యి చూపించి, "అదో, ఆ మడి చూడు, హులిగప్పది. పోయిన సారి ఏమైందో తెల్సునా, వాడు నారు పోసేటప్పుడు..." అని మొదలుపెట్టాడు.

"అమ్మా? వింటాండావా? ఎవురు మాట్లాడేది?" అంటోంది నేత్రావతి.

"ఫోను పెట్టేయ్ తల్లీ" అన్నాను. "మీ అప్ప మాట్లాడతాండాడు."